సముద్రం పిట్టకు మన చెరువుల ఏం పని?

సముద్రపు పిట్టలు ఏం తింటయి అని అడిగితే మూడో తరగతి పోరడు కూడా "చేపలు" అని టక్కున చెప్తడు. పరీక్షల అట్ల రాస్తే మార్కు కూడా పడతది. కాని మన దిక్కు చెరువుల మీదికి వచ్చే సముద్రం పిట్టను ఒక చలికాలమంతా చూస్తే ఆ జవాబు సగమే నిజమని తెలుస్తది. అందుకే ఈసారి గోడపత్రికకు కథ రాయకుండా ఇది రాస్తున్న. కొంచెం పొడుగు అయింది. నిలబడి చదివే మిత్రులు ఓపిక పట్టాలె, మెస్సు గంట కొట్టేలోపల అయిపోతది.

మన దగ్గర సముద్రం ఎక్కడిది అని నవ్వకండి. సోమనాథుని పాలకుర్తి నుంచి గాని, పోతన బమ్మెర నుంచి గాని ఎటు పోయినా సముద్రం 200 కిలోమీటర్ల పైనే. అయినా దసరా దాటి చలి మొదలయ్యే రోజుల్లో మా తండా కింది చెరువు మీదికి సన్నటి తెల్లపిట్టలు వస్తయి. పావురం కన్న చిన్నగా ఉంటయి, రెక్కలు మాత్రం పొడుగు. తోక కొద్దిగా చీలి ఉంటది. కొంగలాగ ఒడ్డున నిలబడవు, బాతులాగ ఈదవు. గాలికి ఎదురు తిరిగి నీళ్ళ మీద మెల్లగా పోతయి, ఉన్నట్టుండి కిందికి వంగి ముక్కుతో ఏదో ఏరుకొని మళ్ళీ లేస్తయి. మా తండాలో వీటికి తెల్లపిట్టలు అన్నదే పేరు. మన జీవశాస్త్రం సారు వీటిని టెర్న్ అంటరని చెప్పిండు. టెర్నుల్లో చాలా రకాలు ఉన్నయి, మన చెరువులకు ఎక్కువ వచ్చేది విస్కర్డ్ టెర్న్, అంటే మీసాల టెర్న్. ఎండాకాలం దగ్గర పడ్డప్పుడు దాని తల నల్లబడి, చెంప మీద తెల్లచార మీసంలాగ కనిపిస్తది. అందుకే ఆ పేరు. ఇదే పిట్ట కాకినాడ తీరాన, పులికాట్ ఉప్పునీళ్ళ మీద కూడా చలికాలం గడుపుతది.

ఇప్పుడు అసలు సంగతి. మా చెరువుల చేపలు పెంచే సంఘంలో మా బా కు కూడా వాటా ఉన్నది. చేపపిల్లలు పోసినంక అవి పెరిగి ఎండాకాలం వల పడేదాక ఇంట్ల ఎవరికీ నిమ్మళం ఉండదు. అన్న కాలేజీ ఫీజు, యాడి మందులు, అన్నీ ఆ చెరువు మీదనే ఉన్నయి. పోయిన ఏడాది కావలి ఉండే ఆయన తండా పోరలను పిలిచి, "తెల్లపిట్ట ఏది కనిపించినా గులేరుతో కొట్టున్రి, పిట్టకు పది రూపాయలు ఇస్త" అన్నడు. పోరలకు పది రూపాయలంటే పండుగ. మన హాస్టల్ల నా పక్క మంచం దోస్తు కూడా సెలవుల్లో ఈ పనికే తయారయిండు. పిట్టలను కొట్టుడు 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరమే. ఆ మాట చెప్తే కావలాయన, "చట్టం నా చేపలకు కావలి ఉంటదా?" అన్నడు. దానికి నా దగ్గర జవాబు లేకుండె. ఆ పిట్ట నిజంగా మా చేపలు తింటదా లేదా అన్నది తేలకుండ ఏం మాట్లాడినా వాళ్ళకు నీతి చెప్పినట్టే ఉంటది. నీతి వింటే కడుపు నిండదు గదా.

అందుకని చూసుడు మొదలుపెట్టిన. హాస్టల్ నుంచి ఇంటికి పోయిన ప్రతిసారీ పొద్దున, సాయంత్రం చెరువు కట్ట మీద కూసున్న. దానికి ముందు కాకినాడల, కొల్లేరు కాడ చూసింది కూడా ఇక్కడ పనికొచ్చింది. ముందు ఆ ముచ్చట చెప్త.

కాకినాడ టూరుకు వచ్చినోళ్ళకు యాదుండాలె. పొద్దున్నే కుంభాభిషేకం రేవు కాడికి పోతే పడవల చుట్టూ తెల్లటి పిట్టలు కేకలు పెట్టుకుంట తిరిగినయి. మనోళ్ళు అన్నీ కొంగలే అన్నరు. అవి గల్స్, తెలుగుల సముద్రపు కాకులు అంటరు. కాకి అన్న పేరు బాగా కుదిరింది. జాలరివాళ్ళు వల దులిపి పారేసిన చిన్న చేపలు, కోసి పడేసిన పేగులు, ఏది దొరికితే అది మింగినయి. ఒకదాని నోట్లది ఇంకొకటి గుంజుకున్నది. మన మెస్సుల ఆదివారం చికెన్ వడ్డించినప్పుడు ఎట్ల ఉంటదో అట్లనే, వార్డెన్ సారు క్షమించాలె.

మధ్యాహ్నం దాటినంక అదే చోటికి మళ్ళీ పోతే సముద్రం వెనక్కి పోయి బురద బయటపడ్డది. ఆ తీరాన దినానికి రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. పొద్దున పడవల చుట్టూ కొట్లాడిన సముద్రపు కాకులు ఇప్పుడు బురదల కోళ్ళలాగ నడుచుకుంట పురుగులు, చిన్న ఎండ్రకాయలు ఏరుకుంటున్నయి. ఒక్క పూటలనే తిండి మారింది, తినే తీరు మారింది. పిట్ట అదే, చోటు అదే, నీళ్ళే జరిగినయి. సముద్రం ఒడ్డున బతికే పిట్టకు గడియారం అంటే ఆటుపోట్లే. పోటు వచ్చి బురద మునిగినప్పుడు చాలా పిట్టలు ఇసుక దిబ్బల మీద ఒక్క కాలి మీద నిలబడి కునుకు తీస్తయి. పగలా రాత్రా అన్నది వాటికి తర్వాత సంగతి.

ఆ తీరానికి ఇంకొక విచిత్రమైన పిట్ట కూడా వస్తది, ఇండియన్ స్కిమ్మర్. దాని కింది ముక్కు పై ముక్కు కన్న పొడుగు. నోరు తెరిచి కింది ముక్కును నీళ్ళల్ల పెట్టి, కత్తెరతో గుడ్డ కోసినట్టు నీళ్ళను కోసుకుంట ఎగురుతది. చేప తగిలితే టక్కున నోరు మూస్తది. కంటితో చూసి పట్టేది కాదు కాబట్టి పొద్దుగూకినంక, చీకట్ల కూడా వేటాడతది. చంబల్, మహానది వంటి నదుల ఇసుక దిబ్బల మీద ఎండాకాలం గుడ్లు పెట్టి, చలికాలం మన తీరానికి వస్తది. మనకు మాత్రం కనిపించలేదు. మన బస్సు ఐదింటికే బయలుదేరింది.

మనం చూసిన సముద్రపు కాకుల్ల ఎక్కువ గోధుమతల గల్స్. చలికాలం తల తెల్లగనే ఉంటది, చెవి దగ్గర నల్లమచ్చ ఒకటి. గుడ్లు పెట్టే కాలానికి తలంతా గోధుమ రంగు అవుతది. ఇవి గుడ్లు పెట్టేది సముద్రం కాడ కాదు. లడఖ్, టిబెట్ దిక్కు ఎత్తైన చెరువుల కాడ. లడఖ్‌ల త్సో మొరిరి చెరువు 14 వేల అడుగులకు పైన ఉంటది. అక్కడ పడవలు లేవు, పారేసిన పేగులు లేవు. అక్కడ పురుగులు, నీళ్ళల్ల చిన్న జీవాలు, దొరికితే చేపలు. అంటే కాకినాడల పడవ వెంట పడే పిట్టనే ఎండాకాలం కొండల మీద పురుగులు ఏరుకొని పిల్లలను సాకుతది. తూర్పు తీరాన ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాక మరపడవల చేపలవేట బంద్ ఉంటది. ఆ రెండు నెలలు రేవుల పేగులు పారేసేటోళ్ళు ఉండరు. అయితే ఆ పిట్టలకు బాధ లేదు, ఎక్కువ పిట్టలు అప్పటికే ఉత్తరానికి దారి పట్టి ఉంటయి. ఆ తేదీలు చేపలు గుడ్లు పెట్టే కాలం చూసి సర్కారు పెట్టింది. పిట్టల కోసం కాదు, కాని కుదిరింది.

ఢిల్లీల యమునా ఘాట్ల కాడ, కాశీల గంగ మీద ఇట్లాంటి గల్స్‌కే జనం పడవల మీద నుంచి కారప్పూస చల్లుతరు, అవి గాలిల్నే పట్టుకొని తింటయి. ఐరోపాల నల్లతల గల్స్ దున్నే ట్రాక్టరు వెనకపడి వానపాములు తింటయి. సముద్రం పిట్ట అన్న పేరు అది ఎక్కడ కనిపిస్తదో చెప్తది గని, దాని పళ్ళెంల ఏమున్నదో చెప్పదు.

అన్ని పిట్టలూ ఇట్ల ఏదంటే అది తినలేవు. దక్షిణ అమెరికాల పెరూ దేశం తీరం ఉన్నది. అక్కడి చల్లటి సముద్రంల ఆంకోవీ అనే చిన్న చేప కోట్లకు కోట్లు ఉంటది. గ్వానే అనే నీరుకాకి ముఖ్యంగా దాని మీదనే బతుకుతది. ఆ పిట్టల రెట్టను ఎరువుగ ఓడలకెత్తి ఐరోపాకు అమ్ముకున్న దేశం అది. ఎల్ నినో వచ్చిన ఏడాది సముద్రం పై నీళ్ళు వేడెక్కి చేప లోతుకు పోతది. పిట్ట అంత లోతుకు మునగలేదు. 1957-58ల, మళ్ళీ 1965ల లక్షల పిట్టలు ఆకలికి చచ్చిపోయినయి. చేప సముద్రంల లేక కాదు, పిట్ట ముక్కుకు అందక. మన దిక్కు వానలు సరిగ కురవని ఏడాది రేడియోల వినే ఎల్ నినో అన్న మాట ఇదే.

ఇక కొల్లేరు. మా మామ కైకలూరు దిక్కు చేపల చెరువు మీద కావలి పనికి పోయిండు. సంక్రాంతి సెలవులకు నేను ఆయన కాడ నాలుగు రోజులు ఉన్న. ఆయన పని ఏందంటే పిట్టలను కొట్టకుండ వెళ్ళగొట్టుడు. డబ్బాలు మోగిస్తడు, పటాకులు కాలుస్తడు, చెరువు మీద మెరిసే రిబ్బన్లు కట్టిండు. ఆటపాక కాడ చెట్ల మీద, సర్కారు పెట్టిన ఇనుప మంచెల మీద గూడబాతులు గూళ్ళు కడతయి. గూడబాతు ముక్కు కింద సంచి ఉంటది. ఒక్కసారి ముంచితే మనం బకెట్టు ముంచినట్టే.

"ఏడాదంతా ఇట్లనే వస్తయా మామా?" అని అడిగిన.

"లేదురా అల్లుడా. వానాకాలం కొల్లేరు నిండినప్పుడు వాటికి ఆడనే కావలసినంత. నీళ్ళు తగ్గినంకనే మా మీద పడతయి. అప్పుడే నాకు రెండు జీతాలు ఇయ్యాలె" అని నవ్విండు.

కొల్లేరు 1999ల అభయారణ్యం అయింది. లోపల కట్టిన చేపల చెరువులను 2006ల సర్కారు తవ్వి తీసేసింది. అయినా చుట్టుపక్కల చెరువులకు లెక్కలేదు. నేలపట్టు గూడబాతులది ఇంకొక తీరు. అవి నేలపట్టు చెరువుల కడప చెట్ల మీద గూళ్ళు కట్టి, తిండికి పులికాట్ దాక ఎగిరిపోయి చేపలు మింగి, మళ్ళీ వచ్చి పిల్లల నోట్ల పోస్తయి. అక్కడ ఈశాన్య వానలు సరిగ పడితేనే ఈ వ్యవహారం అంతా నడుస్తది. ఇల్లు ఒక చోట, కూలి ఒక చోట. మన తండాల్లోనోళ్ళకు ఇది విడమరిచి చెప్పే పని లేదు.

ఇప్పుడు మా చెరువు. కార్తీకంల తెల్లపిట్టలు వచ్చినప్పుడు వరి కోతకు వచ్చి ఉండె. అప్పుడు అవి చెరువు మీద కన్న పొలాల మీదనే ఎక్కువ తిరిగినయి. తూనీగలను గాలిల్నే పట్టినయి. గుర్రపుడెక్క పెరిగిన మూలల నీటిపురుగులు ఏరుకున్నయి. యాసంగి నాట్లకు దమ్ము చేస్తున్నప్పుడు ట్రాక్టరు చక్రాల వెనక తెల్లకొంగలతోటి కలిసి ఇవి కూడా తిరిగినయి. కొంగలు కింద నడుచుకుంట, ఇవి పైన ఎగురుకుంట. ఆ రెండు నెలల్ల వాటి ముక్కున చేప కనిపించింది తక్కువ. మీసాల టెర్న్ నీళ్ళల్ల బాణంలాగ దూకి మునగదు. లకుముకి పిట్ట మునుగుతది, నదుల మీది పెద్ద టెర్న్ మునుగుతది. ఇది మాత్రం ముక్కు తడిపి లేస్తది, అంతే. పై పైన ఉన్నదే దానికి అందుతది.

మాఘం దాటి నీళ్ళు తగ్గినంక లెక్క మారింది. అలుగు పక్కన మోకాలు లోతు మడుగుల్ల పరకలు, రొయ్యపిల్లలు గుంపులు గుంపులు చేరినయి. తూనీగలు తగ్గినయి. ఇప్పుడు పిట్టలు పొలం వదిలి మడుగుల మీద పడ్డయి. దూరం నుంచి చూసినోడు "అగో, చేప ఎత్తుకపోయింది" అంటడు. నిజమే, ఎత్తుకపోయింది, కాని పరకను. సంఘం పోసింది బొచ్చె, రవ్వ, బంగారుతీగ. అవి ఆగస్టు, సెప్టెంబరుల పోస్తే మాఘం నాటికి జానెడు దాటుతయి. ఈ పిట్ట తూకమే నూరు గ్రాములకు తక్కువ, ముక్కు రెండు వేళ్ళ మందం పొడుగు ఉండదు. జానెడు బొచ్చెను అది మింగుడు అంటే నేను వార్డెన్ సారు స్కూటరు మింగినట్టు.

అయితే అన్ని పిట్టలూ అమాయకమైనవి అని రాస్తే అది అబద్ధం అవుతది. నీరుకాకి మా చేపలు తింటది. మునిగి, నీళ్ళ లోపల తరిమి పట్టి తింటది. గుంపుగ వస్తే నష్టమే. నత్తగుల్ల కొంగ నత్తలనే తింటది, చేపల జోలికి పెద్దగ పోదు, కాని ఒళ్ళు తెల్లగ ఉన్నందుకు దానికీ గులేరు దెబ్బలే. నల్లటి నీరుకాకికి పది రూపాయల బహుమానం లేదు, ఎందుకంటే కావలాయన "తెల్లపిట్ట" అనే అన్నడు. తిన్నది ఒకటి, తన్నులు ఇంకొకదానికి.

తిన్నది ఏందో ఇంత గట్టిగ ఎట్ల చెప్తరు అని సారును అడిగిన. శాస్త్రవేత్తలు ముక్కున ఉన్నది చూస్తరు, ఫొటో తీస్తరు. కొన్ని పిట్టలు అరగని ఎముకలు, పురుగుల పెంకులు ఉండలాగ కక్కుతయి, వాటిని విప్పి చూస్తరు. ఇంకొకటి నాకు చాలా నచ్చింది: ఈక పెరిగేటప్పుడు పిట్ట ఏం తిన్నదో దాని గుర్తు ఆ ఈకలనే మిగిలిపోతదట. ఈకను ప్రయోగశాలల పరీక్ష చేసి ఆ పిట్ట సముద్రం తిండి తిన్నదా, మంచినీళ్ళ తిండి తిన్నదా అన్నది పోల్చుకుంటరు. మా చెరువు ఒడ్డున దొరికిన ఒక ఈక నా జామెట్రీ బాక్సుల ఉన్నది. అది కాకినాడ తిండా, మా తండా తిండా అన్నది చెప్పే మిషను మన ల్యాబుల లేదు. మన ల్యాబుల ఉన్నది ఒక్క మైక్రోస్కోపు, దానికీ అద్దం పగిలింది.

ఈ ముచ్చటంతా మా బా కు చెప్పిన. ఆయన చదువుకోలేదు, కాని లెక్క తొందరగ పట్టుకుంటడు. ఒకటే ప్రశ్న వేసిండు: "మరి పిల్లలు ఆలస్యంగ వస్తే?"

అది సరైన ప్రశ్న. పోయిన ఏడాది మా చెరువుకు చేపపిల్లల లారీ దీపావళికి దగ్గరగ వచ్చింది. వచ్చిన పిల్లలు చిటికెన వేలంత. అప్పటికే తెల్లపిట్టలు వచ్చి ఉన్నయి. కొత్త నీళ్ళల్ల పోసిన పిల్లలు మొదటి రోజుల్ల తత్తరపడి పై పైనే తిరుగుతయి. ఆ వారం, ఆ వారంల మాత్రం తెల్లపిట్ట మా చేపపిల్లలను తినే ఉంటది. కావలాయన చూసింది ఆ వారమే. ఆయన అబద్ధం చెప్పలేదు. ఒక వారం సంగతిని ఏడాదికి పరిచిండు.

మా బా ఈ మాట సంఘంల పెట్టిండు. పెద్దగ గొడవ అయింది. ఒకాయన, "హాస్టల్ల పప్పు తినే పోరడు మనకు చేపల సంగతి చెప్పుడేంది" అన్నడట. చివరికి రెండు సంగతులు ఒప్పుకున్నరు. పిల్లలు ఎప్పుడొచ్చినా ముందు అలుగు మూలకు వలకట్టు కట్టి, పైన దారాలు గుంజి, మూడు నాలుగు వారాలు అందులనే పెంచి తర్వాత చెరువుల వదలాలె. నీరుకాకుల గుంపు వస్తే డబ్బాలు మోగించాలె. మా మామ దగ్గర నేర్చుకున్న రిబ్బన్ల ముచ్చట నేనే చెప్పిన, దానికి మాత్రం ఎవ్వరూ అడ్డం చెప్పలేదు. ఎందుకంటే ఖర్చు తక్కువ. పది రూపాయల మాట బంద్ అయిందా అంటే, ఎవ్వరూ బంద్ అని గట్టిగ అనలేదు. గులేరు ఇంకా కావలి గుడిసె గుంజకే వేలాడుతున్నది. నా పక్క మంచం దోస్తు మాత్రం ఈసారి సెలవుల్లో నాతోటి కట్ట మీద కూసుంట అన్నడు. ఎన్ని రోజులు కూసుంటడో చూడాలె, వానికి ఓపిక తక్కువ.

ఏప్రిల్ మొదటి ఆదివారం నేను పోయినప్పుడు చెరువు మీద ఒక్కటే తెల్లపిట్ట మిగిలింది. దాన్ని ఇంక తెల్లపిట్ట అనేటట్టు లేదు. తల నల్లబడ్డది, ముక్కు ఎర్రబడ్డది, పొట్ట బూడిద రంగుకు తిరిగింది, చెంప మీద మీసం వచ్చింది. గంగ మైదానంల మడుగుల కాడికో, కశ్మీర్ చెరువుల కాడికో పోయి తామరాకుల మీద గూడు కట్టే కాలం అది. అక్కడ దాని పిల్లలకు మళ్ళీ పురుగులు, కప్పపిల్లలు. ఇక్కడ మాత్రం మిగిలిన మడుగు మీద గాలికి ఎదురుగ పోతూ, వంగి, ఒక పరకను ఎత్తుకొని కట్ట అవతలికి పోయింది.